కార్వెట్ మీద ఒక్క దెబ్బ

గురువారం పొద్దున్నే ఏసోబు తన సుత్తిని కిరసనాయిలుతో కడిగాడు. తుడిచి, నూనె రాసి, తెల్లగుడ్డలో చుట్టాడు. ఉస్తాద్‌కి తిరిగి ఇచ్చేద్దామని.

నలభై ఏళ్ల పని అది. బెజవాడ ఆటోనగర్‌లో కార్ల సొట్టలు తీసే టింకర్లలో ఏసోబు పేరు చెప్తే, "ఆఁ, చెయ్యి తిరిగినవాడు" అనేవాళ్లు. అనేవాళ్లు అంటున్నాను, ఎందుకంటే ఇప్పుడు అనడానికి ఎవరూ రావడం లేదు. సొట్ట పడితే తీయించుకునే రోజులు పోయాయి. షోరూముకి తోలుకెళ్తే డోరుకి డోరే మార్చి పంపిస్తున్నారు. బంపర్లన్నీ ప్లాస్టిక్. వారానికి రెండు రోజులు పని దొరికితే గొప్ప. పైగా మోచేతుల నొప్పులు, ఎడమ చెవిలో ఎప్పుడూ రేకు మోత. యాభై మూడేళ్లకే మనిషి ఉసూరుమంటూ తిరుగుతున్నాడు.

పెనమలూరు అవతల ఒక గోదాములో సెక్యూరిటీ ఉద్యోగం బావమరిది చూసిపెట్టాడు. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి చేరాలి. నీలం చొక్కాకి కొలతలు కూడా తీసుకున్నారు. కుర్చీలో కూర్చునే పని కదా అని భార్య కరుణమ్మ సంబరపడింది. ఏసోబుకి సంబరమూ లేదు, దిగులూ లేదు. అలసట ఒక్కటే ఉంది.

ఉద్యోగంలో చేరితే చేరాడు, సుత్తి తిరిగి ఇవ్వడమెందుకు అంటారేమో. అక్కడే ఉంది సంగతి.

ఉస్తాద్ అంటే షేక్ కాలేషా. ఆయన దగ్గర పని నేర్చిన ప్రతివాడికీ ఒక సుత్తి దక్కుతుంది. దానికి పదేళ్లు పడుతుంది, తొందరపడితే పన్నెండు. ఒక గురువారం నాడు బెల్లం, పుట్నాలు పంచి, తను వాడిన సుత్తుల్లోంచి ఒకటి తీసి శిష్యుడి చేతిలో పెడతాడు. పని మానేసేవాడు దాన్ని అమ్మకూడదు, మూలన పారెయ్యకూడదు. కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, మళ్లీ గురువారం నాడే తెచ్చి ఉస్తాద్ రెండు చేతుల్లో పెట్టాలి. ఎందుకు మానేస్తున్నావని ఆయన అడగకూడదు. ఒకసారి తీసుకున్నాక ఆ మనిషికి మళ్లీ ఇవ్వడు. అదీ పద్ధతి. ఇప్పటిదాకా ముగ్గురు తెచ్చి ఇచ్చారు. ఒకడు దుబాయి పోయాడు, ఒకడికి చూపు పోయింది, ఇంకొకడు పార్టీలో చేరాడు.

నాలుగోవాడు తనే అవుతానని ఏసోబు ఆదివారం దాకా అనుకోలేదు. ఏదో కుర్చీ ఉద్యోగం చేసుకుంటూ, ఎవరన్నా పాత కస్టమరు వస్తే ఒక చెయ్యి వేద్దామనే అనుకున్నాడు. సోమవారం జరిగినదాంతో ఆ ఆశ కూడా పోయింది.

గుణదలలో దక్షిణామూర్తి గారని ఒక పెద్దాయన ఉన్నారు. ఓడల మీద ఇంజనీరుగా ముప్ఫై అయిదేళ్లు సముద్రాలు తిరిగి వచ్చినాయన. పెళ్లాం లేదు, పిల్లల్లేరు. దిగాక చేసిన ఒకే ఒక్క పిచ్చి పని, ముంబైలో ఎవరిదో పాత అమెరికా కారు కొనుక్కోవడం. కార్వెట్ అంటారు దాన్ని. పందెం గుర్రంలాంటి స్పోర్ట్స్ కారు. డెబ్బై రెండులో తయారైంది, అంటే ఏసోబు పుట్టిన సంవత్సరం. నేలబారుగా, ముక్కు పొడుగ్గా, ఎర్రగా ఉంటుంది. ఇద్దరే పడతారు. స్టీరింగు ఎడమ పక్క. అటువంటి కారు ఆయన సొంత గేటుకే తగిలించుకుని ముందు బంపరు వంకర చేసుకున్నారు.

"బంపరు వరకే ఏసోబు గారూ," అని మొదటే చెప్పారు మూర్తి గారు. "బంపరు ఇనుముది. ఒళ్లు మాత్రం ఇనుము కాదు. గాజు నార, జిగురు కలిపి అచ్చులో వేసి చేసింది. దానికి సుత్తి తగలకూడదు."

"తెలుసు సార్," అన్నాడు ఏసోబు.

తెలుసు. అదే కదా ఇప్పుడు గుండెల్లో గుచ్చుకుంటున్నది.

బంపరు విప్పాడు. వెనకనించి గుడ్డ వేసి, మెరుగు చెదరకుండా, గంటన్నరసేపు మెల్లగా సాపు చేశాడు. మళ్లీ బిగించాడు. చక్కగా కుదిరింది. మూర్తి గారు భేష్ అన్నారు. ఆ మాట విని ఎన్నాళ్లయిందో, ఏసోబుకి ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ పక్కనున్న మడ్‌గార్డ్ మీద ఎడమ అరచెయ్యి ఆనించి అలా జరిపాడు.

చక్రం పైన ఒకచోట ఎత్తు తగిలింది. వెంట్రుక మందం ఉంటుందేమో, కంటికి ఆనదు. ఎడమ చెయ్యి ఎత్తు కనిపెడితే కుడి చెయ్యి అక్కడ సుత్తితో ఒకటి వేస్తుంది. నలభై ఏళ్లుగా ఆ రెండు చేతులూ మధ్యలో ఏసోబుని అడిగింది లేదు. ఆ రోజూ అడగలేదు.

టప్.

ఇనుమైతే మోగేది. ఇది మోగలేదు. కోడిగుడ్డు పెంకులాగా చిట్లి, దెబ్బ చుట్టూ పగుళ్లు పాకాయి.

ఏసోబు సుత్తి కింద పెట్టేశాడు. మూర్తి గారు వంగి పగులు మీద వేలు ఆనించి చూశారు. కాసేపటికి, "పోన్లెండి, పుణె పంపిద్దాం. అక్కడ చేసేవాళ్లున్నారంటారు," అన్నారు. టీ తాగి వెళ్లమన్నారు కూడా. ఆయన నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆ టీ ఏసోబు తాగలేకపోయాడు.

పని తగ్గిపోతే కాలం మారిందనుకోవచ్చు. చెయ్యే తప్పు చేస్తే ఇంక ఏమనుకోవాలి?

కాలేషా ఉస్తాద్ ఇల్లు ఆటోనగర్ వెనక సందులో. డెబ్బై ఎనిమిదేళ్లు. చూపు మసకేసి ఆరేడేళ్లుగా షెడ్డుకి పోవడం లేదు. వరండాలో బల్ల మీద కూర్చుని జపమాల తిప్పుకుంటూ, సందులో పోయే బండ్ల చప్పుడుని బట్టి వాటి రోగాలు చెప్తుంటాడు. ఎవరూ అడగకపోయినా చెప్తాడు.

"సలామలేకుం ఉస్తాద్."

"వాలేకుం సలాం. రారా ఏసోబూ. ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను ఉస్తాద్," అని అబద్ధమాడి, తెల్లగుడ్డ మూట రెండు చేతులతో ముందుకు చాపాడు ఏసోబు.

చూపు మసకైనా తెల్లగుడ్డ తెలియకపోదు. ఉస్తాద్ జపమాల జేబులో వేసుకున్నాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కానీ చాపలేదు.

"అమెరికా కారంట కదా," అన్నాడు.

ఆటోనగర్‌లో కబురు పాకడానికి ఎంతసేపు! ఏసోబు తల దించుకున్నాడు.

"నేను ఎప్పుడూ చూడలేదురా. నన్ను అక్కడికి తీసుకుపో. అది చూసి ఇది తీసుకుంటాను."

"ఆయన ఇంటికి మళ్లీ ఏ మొహం పెట్టుకుని పోయేది ఉస్తాద్?"

"ఉన్న మొహంతోనే రా. ఇంకోటి ఎక్కడినుంచి తెస్తావు?"

ఎదురు చెప్పే ఓపిక ఏసోబుకి లేదు. ఆటో పిలిచాడు. దారిలో ఒకే ఒక్క మాట అన్నాడు, "రేపు ఎనిమిదింటికి గోదాములో ఉండాలి ఉస్తాద్," అని. ఉస్తాద్ "ఊఁ" అన్నాడు. అన్నాక, ఆ ఆటో వెనక చక్రం బేరింగు పోయిందని డ్రైవరుకి చెప్పాడు.

గేటు దగ్గర మూర్తి గారు ఏసోబుని చూసి కంగారుపడ్డారు గానీ, పక్కన ముసలాయన్ని చూసి ఆయన కళ్లు వెలిగాయి. కారు చూడ్డానికి మనిషి వచ్చాడు మరి. పేరు దక్షిణామూర్తి అయితే అయ్యింది, ఆ దేవుడి మౌనం ఈయన దగ్గర మచ్చుకైనా లేదు.

షెడ్డులో కారుంది. మడ్‌గార్డ్ మీద పగులుకి ఒక గుడ్డ కప్పి ఉంచారు. అది చూడలేక ఏసోబు మొహం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకుంటే గోడ. గోడ మీద వరసగా ఎనిమిది ఫోటోలు, ఫ్రేములు కట్టి.

"ఎనిమిది తరాలు కాలేషా గారూ!" మూర్తి గారు ఉస్తాద్‌ని చెయ్యి పట్టుకుని మొదటి ఫోటో దగ్గరికి నడిపించారు. "కార్వెట్ అంటే చిన్న యుద్ధనౌక అని అర్థం. ఓడల మనిషిని, నాకు ఇంకే కారు నచ్చుతుంది చెప్పండి? ఇదిగో, పందొమ్మిది వందల యాభై మూడు. మొదటి ఏడాది మూడొందల బండ్లే చేశారు. అన్నీ తెలుపు, లోపల ఎరుపు. చూడ్డానికి హంస. నడిపితే ఎద్దుబండి!"

"అదేంటండీ, పందెం గుర్రంలాంటి కారని విన్నానే?" అన్నాడు ఉస్తాద్.

"ఇప్పుడు! అప్పుడేముంది? ఆరు సిలిండర్ల ఇంజను, రెండే గేర్లు. తలుపుకి బయట పిడి లేదు, కిటికీకి అద్దం లేదు. మరుసటేడు చేసినవి కొనే దిక్కు లేక నిలబడిపోయాయి. ఇంక మూసేద్దాం అనుకున్నారు."

"మూశారా?"

"యాభై అయిదులో ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టారు. అప్పుడు లేచింది చూడండి!" మూర్తి గారు చెయ్యి ఎగరేశారు. "ఇది రెండో తరం, అరవై మూడు. వెనక అద్దం మధ్యలో పట్టీ వేసి రెండు ముక్కలు చేశారు. వెనక వచ్చేది కనపడి చావదని జనం గోల. ఏడాదికే తీసేశారు. ఇప్పుడు ఆ ఒక్క ఏడాది బండి కోసమే కొట్టుకుంటారు. మూడోది మనదే, సొరచేప. దీనికీ కష్టాలే. డెబ్బైల్లో పొగ చట్టాలొచ్చాయి. పొగ తగ్గించబోతే బలం పడిపోయింది. వేషం సొరచేపది, పరుగు పెద్దమనిషిది."

"అలిసిపోయిందన్నమాట," అన్నాడు ఉస్తాద్.

"అలిసిపోవడమా! ఎనభై మూడులో అసలు అమ్మకానికి బండే రాలేదు. నాలుగో తరం కుదరక ఆ ఏడాది ఖాళీగా పోయింది. ఎనభై నాలుగులో వచ్చింది, డాష్‌బోర్డులో ముల్లుల బదులు అంకెలు వెలుగుతూ. అయిదో తరంలో గేరుబాక్సు తీసుకెళ్లి వెనక పెట్టారు. ఆరోదానికి, అప్పటిదాకా మూత కింద దాచిన లైట్లు బయటికి తీశారు. అయ్యో మొహం పాడు చేశారని ఏడ్చారు జనం. ఇది ఏడు. ఇక ఎనిమిది..." ఆయన గొంతు తగ్గించారు, ఏదో ఇంట్లో గుట్టు చెప్తున్నట్టు. "ఇంజనే తీసి డ్రైవరు వీపు వెనక పెట్టేశారు. అరవై ఏడేళ్లు ముక్కులో ఉన్న ఇంజను! గేరు కర్ర కూడా తీసేశారు."

"మరి జనం ఏమన్నారు?"

"ఇది కార్వెట్టే కాదన్నారు. ప్రతి తరానికీ అన్న మాటే అది. ఆ తర్వాత వరసలో నిలబడి కొనుక్కున్నారు."

ఉస్తాద్ ఎనిమిదో ఫోటో అద్దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్లి చూశాడు. ఏం కనపడిందో ఏమో.

"ఒళ్లో?" అన్నాడు.

"ఏం ఒళ్లు?"

"ఇన్ని మార్చారు కదండీ. ఒళ్లు ఎప్పుడైనా ఇనుముతో చేశారా?"

"లేదు," అన్నారు మూర్తి గారు. "ఎనిమిది తరాల్లో ఒక్కసారి కూడా లేదు."

ఏసోబు ఇదంతా షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. తను పుట్టడానికి పందొమ్మిదేళ్ల ముందే ఎక్కడో సుత్తి అక్కర్లేని కారు తయారైపోయిందన్నమాట. తను పన్నెండేళ్ల వయసులో ఉస్తాద్ షెడ్డులో చేరి, రేకు మీద మొదటి దెబ్బ వేసిన నాటికే ఈ పని ముసలిదైపోయిందన్నమాట. ఎవరూ చెప్పలేదు. నలభై ఏళ్లు మోచేతులు అరగదీసుకున్నాక, ఓ గోడ మీది ఫోటోలు చెప్పాయి.

"విన్నారుగా ఉస్తాద్." ఏసోబు ముందుకు వచ్చాడు. "ఎనిమిది తరాలు. ఒక్కదానికీ నా పని అక్కర్లేదు. నాకు ఇంక ఓపిక లేదు. తీసుకోండి."

మూట చాపాడు.

ఈసారి ఉస్తాద్ ఆలస్యం చెయ్యలేదు. రెండు చేతులతో అందుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు. పక్కనున్న స్టూలు మీద కూర్చుని మూట ఒళ్లో పెట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు, వద్దనలేదు.

వద్దంటాడేమోనని ఏసోబు మనసులో ఎక్కడో ఉన్నట్టుంది. మనసు చివుక్కుమంది. ఏడుపొస్తుందనుకున్నాడు, రాలేదు. గోడకి చేరబడి కాసేపు కూర్చోవాలనిపించింది, అంతే.

"ఎక్కడ కొట్టావురా?" అన్నాడు ఉస్తాద్.

"ఇప్పుడదెందుకు ఉస్తాద్?"

"చూద్దామని వచ్చాను కదా. ఇట్టా రా."

ఏసోబు వెళ్లి పగులు మీది గుడ్డ తీశాడు. ఉస్తాద్ లేచి వచ్చాడు, మూట చంకలో పెట్టుకుని. భుజం మీద తువ్వాలు తీశాడు. దాంతో తన కళ్లు తుడుచుకుంటాడనుకున్నాడు ఏసోబు. కాదు, ఏసోబు కళ్లకి గంతలు కట్టాడు.

మూర్తి గారు నవ్వబోయి మానుకున్నారు.

ఏసోబుకి మాత్రం ఇది కొత్త కాదు. ఆ షెడ్డులో చేరినవాడికి మొదటి మూడేళ్లు సుత్తి ముట్టనివ్వరు. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఉస్తాద్ ఈ తువ్వాలుతోనే కళ్లకి గంతలు కట్టి, రేకు ముందు కూర్చోబెట్టేవాడు. ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో చేత్తో చెప్పాలి. తప్పు చెప్తే మొట్టికాయ. ఒప్పు చెప్తే ఏమీ లేదు. అత్తరు, చెమట, బీడీ కలిసిన అదే వాసన. ఏసోబు భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

"చెయ్యి పెట్టు. పగులు సంగతి వదిలెయ్. కొట్టకముందు ఏం తగిలింది?"

"ఎత్తు."

"ఎంత మేర?"

అరచెయ్యి కదిలింది. పగులుని ఒరుసుకుంటూ దాటి, చక్రం పైకి పోయి, వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. కారు మీద చెయ్యి జారే చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

"జానెడున్నర ఉస్తాద్," అన్నాడు ఏసోబు. "చక్రం దగ్గర మొదలై డోరు వైపు పోయింది. ఇది అచ్చులో వచ్చింది కాదు. తర్వాత ఎవరో అతుకేశారు."

"ఏమిటీ?" మూర్తి గారు కెవ్వుమన్నంత పని చేశారు. చెప్పులు కూడా వేసుకోకుండా ఇంట్లోకి పరిగెత్తి, ఒక పాత ఫైలు పట్టుకొచ్చారు. "ఇదిగో, అమెరికాలో దీన్ని మొదట కొన్నాయన కాగితాలు. డెబ్బై తొమ్మిదిలో ముందు పక్క ఏదో తగిలి రిపేరు చేయించాడని ఉంది. ఏ పక్కో రాయలేదు, ఎక్కడో రాయలేదు. పదకొండేళ్లుగా భూతద్దం పెట్టి వెతుకుతున్నానండీ! నాకు దొరకలేదు. ముంబైలో బేరం చేసిపెట్టినవాళ్లకీ దొరకలేదు."

ఉస్తాద్ ఆ కాగితం వైపు తల కూడా తిప్పలేదు.

"చేసినవాడు ఎట్టాంటివాడురా?" అని ఏసోబుని అడిగాడు.

కారు గురించి కాదు, మనిషి గురించి అడుగుతున్నాడు. మూర్తి గారికి అర్థం కాలేదు. ఏసోబు చెయ్యి మాత్రం మళ్లీ చక్రం దగ్గరికి పోయింది.

"పనిమంతుడు ఉస్తాద్. ఈ అంచు చూడండి, ఎక్కడ కొత్తదో ఎక్కడ పాతదో తెలీకుండా కలిపేశాడు. తొందర లేదు. ఇక్కడ కూడా. ఇక్కడ కూడా. వంక పెట్టడానికి లేదు..."

చెయ్యి ఆగింది. పగులు దగ్గర.

"అక్కడ్నించి?"

"ఇక్కడ్నించి ఉప్పు కాగితం మీద చెయ్యి బరువు లేదు. రుద్దాడు. కానీ పైపైన రుద్దాడు. ఎత్తు ఉండిపోయింది. వాడికీ తెలిసే ఉంటుంది, ఇంత తెలిసినవాడికి అది తెలీకుండా ఉండదు. అయినా వదిలేశాడు."

"ఎందుకు?"

ఏసోబు ఆ చోట అరచెయ్యి అట్లాగే ఆనించి నిలబడ్డాడు.

"అలిసిపోయాడు ఉస్తాద్," అన్నాడు చివరికి.

ఎవడో అమెరికాలో ఏ ఊళ్లోనో మనిషి. తెల్లవాడో నల్లవాడో, ఉన్నాడో పోయాడో. నలభై ఆరేళ్ల కిందట, ఇంకొక జానెడు మిగిలి ఉండగా, వాడి మోచెయ్యి ఇంక లేవనంది. ఆ నొప్పి ఏసోబు మోచేతికి తెలిసింది. సరిగ్గా వాడు అలిసిపోయిన చోటే తను కొట్టాడు. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. తువ్వాలు తడిసింది. ఉస్తాద్ విప్పలేదు, ఏడవనిచ్చాడు.

మూర్తి గారు ఫైలు మూశారు. ఈసారి మెల్లగా మాట్లాడారు.

"ఏసోబు గారూ, ఓడల మీద లైఫ్‌బోట్లు ఈ సరుకుతోనే చేస్తారు. పగిలితే మేమే అతుకులేసుకునేవాళ్లం. పగులు చుట్టూ రంగు గీకాలి, అంచులు పలచన చెయ్యాలి, గాజు నార గుడ్డ పరిచి జిగురు పట్టించాలి. అది నేను దగ్గరుండి చూపిస్తాను. పడవ కాబట్టి ఎగుడుదిగుడుగా ఉన్నా మాకు సరిపోయేది. దీన్ని మళ్లీ ఇట్లా చదును చెయ్యడం మాత్రం నా వల్ల కాదు."

ఏసోబు తువ్వాలు తనే విప్పుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు. ఉస్తాద్ చంకలో తెల్లగుడ్డ మూట కనపడింది. తెలియకుండానే చెయ్యి దానివైపు పోయింది.

ఉస్తాద్ మూటని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"సుత్తి నేనిచ్చాను, నేను తీసుకున్నాను," అన్నాడు. "చెయ్యి నేనిచ్చింది కాదు."

ఏసోబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

"సార్, ఉప్పు కాగితం ఉందా?"

"బోలెడు!" అని మూర్తి గారు అలమర తెరిచి, గరుకుదీ నున్నదీ అన్నీ కలిపి ఓ కట్ట తెచ్చి ముందు పడేశారు. వాటిల్లోంచి గరుకుది ఒకటి ఏరి, చెక్కముక్కకి చుట్టి, ఏసోబు మడ్‌గార్డ్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎడమ అరచేత్తో ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఆ మనిషి చెయ్యి బరువు తగ్గిన చోట కాగితం ఆనించి మొదలుపెట్టాడు.

సర్, సర్ అని చప్పుడు. ఎర్ర రంగు పొడి మోకాళ్ల మీద పడుతోంది. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని, సుత్తి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఆ చప్పుడే వింటున్నాడు. మూర్తి గారు టీ పెట్టుకొస్తానని లోపలికి వెళ్లారు. పొద్దు గుణదల కొండ వెనక్కి వాలింది.

కాసేపటికి కాగితం చప్పుడు నెమ్మదించింది. ఏసోబు మోచెయ్యి పట్టుకుని, మళ్లీ రుద్దబోయాడు.

"అలుపొస్తే ఆపెయ్‌రా," అన్నాడు ఉస్తాద్, కళ్లు తెరవకుండానే. "మిగతాది రేపు చేద్దువుగాని."